పట్టిసీమ మొదలు కడలివఱకు: గట్టును కాచిన రాయి



ఈ యేటి మహాసభ ప్రత్యేకసంచికకు చరిత్రవిషయమైన వ్యాసమొకటి వ్రాసి పంపవలసినదని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు సంస్కృతాంధ్రములు చెప్పి విశ్రాంతి పొందిన మాకు ఇంజనీరింగు శాస్త్రమున ప్రవేశమున్నదని చెప్పుకొనజాలము. అయినను మా తండ్రిగారు రాతిపని మేస్త్రి. మేము పలక పట్టుటకు ముందే సమ్మెట చప్పుడు విన్నవారము. ఆ చనువుతో ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము.

కులచరిత్రలు వ్రాయువారు సాధారణముగ రాజులతోను శాసనములతోను ప్రారంభించి, తమ పూర్వులను ఏదోయొక సింహాసనము చెంతకు చేర్చుదురు. మాకట్టి కోరిక లేదు. సింహాసనమును నిలిపిన అరుగునకు రాయి కొట్టినవాడే మనకు చాలినంత గొప్ప పూర్వుడు. గుళ్లకును కోటలకును పోయిన రాతిని గూర్చి పలువురు వ్రాసియున్నారు. నీటికెదురుగ నిలిచి గట్టును కాచిన రాతిని గూర్చి వ్రాసినవారు తక్కువ. గుడిరాయి పదిమంది కన్నులకు కనబడును. గట్టురాయి నీటిలో మునిగి, అది జారిపోయిన నాడు మాత్రమే జనులకు జ్ఞప్తికి వచ్చును.

దేవకూటము చెప్పు పాఠము

పట్టిసీమకు పట్టిసమనియు పేరు కలదు. దక్షయజ్ఞమును ధ్వంసము చేసిన పిమ్మట వీరభద్రుడు తన పట్టసమను ఆయుధమును ఇచటి గోదావరీజలమున కడిగెననియు, అందుచే ఈ స్థలమున కాపేరు కలిగెననియు స్థలపురాణము చెప్పుచున్నది. సంస్కృతమునందు పట్టిశమనగా వాడియంచు గల ఆయుధవిశేషము. నదీమధ్యమున దేవకూటాద్రిపై వీరేశ్వరస్వామియు, క్షేత్రపాలకుడుగ భావనారాయణస్వామియు వెలసియున్నారు. మహాశివరాత్రినాడు యాత్రికులు తండోపతండములుగ వచ్చి స్వామిని సేవింతురు.

భక్తుని కన్ను స్వామిని చూచును. రాతిపనివాని కన్ను కొండను కూడ చూడక మానదు. మా బాల్యమున మా తండ్రిగారు మమ్ము రేవునకు తీసికొనిపోయి, కొండకెదురుగ నీరెట్లు చీలుచున్నదో, చీలిన నీరు ప్రక్కల నెట్లు వడి హెచ్చుచున్నదో, వెనుక భాగమున నెట్లు మందగించి సుడి తిరుగుచున్నదో చూపెడివారు. నీరు తీసిన వేసవిలో మఱల తీసికొనిపోయి, వడి హెచ్చినచోట లోతైన మడుగులును, వడి తగ్గినచోట ఇసుకతిన్నెలును ఏర్పడియుండుటను చూపెడివారు. ఆ మడుగును ఆ తిన్నెయు ఒకే రాతి సంతానము. రాయి యొకచోట ఇసుకను నిలుపును. వేఱొకచోట ఇసుకను త్రవ్వును. ఈ యొక్క పాఠము మఱచుటచేతనే అటుపిమ్మట మానవులు కడలియొడ్డున పడిన పాట్లన్నియు కలిగినవని మాకు తోచుచున్నది. ఆ కథ ముందు చెప్పుదుము.

మన భాషాపదములును ఈ విషయమున మౌనముగ లేవు. సంస్కృతమున గట్టునకు రోధస్సని యొక పేరు. అది అడ్డగించుట యను అర్థము గల ధాతువునుండి పుట్టినది. సముద్రపుటొడ్డునకు వేల యని పేరు. ఆ శబ్దమునకే హద్దు అనియు, సమయమనియు అర్థములు కలవు. ఏటిగట్టు అడ్డగించునది, కడలియొడ్డు సమయమునుబట్టి కదలు హద్దు. ఈ రెంటికి గల భేదమును మన పూర్వులు పేరులోనే ఇమిడ్చిరి.

1986వ సంవత్సరము ఆగస్టు నెలలో గోదావరికి వచ్చిన వరదను మేము చూచితిమి. అప్పుడు మేము క్రొత్తగ ఉద్యోగమున చేరిన ఉపాధ్యాయులము. భద్రాచలముకడ నీటిమట్టము 75 అడుగులు దాటినది. ధవళేశ్వరముకడ సెకనుకు 35 లక్షల ఘనపుటడుగులకు మించి నీరు పాఱినది. దేవకూటము చుట్టును ఎఱ్ఱనినీరే. అంతటి విశాలజలముపై గాలి వీచినపుడు లేచిన అలలు సముద్రపుటలలవలె గట్టును కొట్టినవి. గట్టుపై బస్తాలు పేర్చు జనులలో మేమును ఉంటిమి. ఆ రాత్రి మేము తెలిసికొన్న దేమనగా, గట్టు పైనుండి నీరు పొరలుట అందఱకు కనబడును. అడుగునుండి మన్ను కరగుట ఎవ్వరికిని కనబడదు. గండి మాత్రము ఎక్కువగ అడుగుననే పుట్టును.

ఇసుకపై పునాది

వాల్మీకి యుద్ధకాండమున విశ్వకర్మ పుత్రుడగు నలుడు సేతువు కట్టిన కథ అందఱు ఎఱిగినదే. మొదటినాడు 14, రెండవనాడు 20, మూడవనాడు 21, నాల్గవనాడు 22, అయిదవనాడు 23 యోజనములు, వెరసి నూఱు యోజనములని ఆదికవి దినదిన ఖాతా వ్రాసెను. ఏనుగులంత బండలను యంత్రములతో తరలించిరనియు, కొందఱు కొలత సూత్రములు పట్టిరనియు చెప్పెను. కవివర్ణనము ఇంజనీరు లెక్క కాదని మేమెఱుగుదుము. అయినను పనినెఱిగినవాడే దినమునకింత అని వ్రాయగలడు. పని చేయుచేయ చేయి తిరిగి, దినదినమునకు పని హెచ్చుననుట కూడ అందు కలదు. మఱియొక విశేషము: సేతువు నలునిపేర నిలిచినది, బండలు మోసిన కోట్లమందిలో పేరు మిగిలినవారు కొందఱే. చరిత్రయందంతటను ఇట్లే జరిగినది.

ద్రవిడదేశమున కావేరిపై చోళుల కాలమునాటి కల్లణై అను రాతికట్ట కలదు. లోతు తెలియని ఇసుకపై అది నిలిచియుండుట చూచి, పందొమ్మిదవ శతాబ్దమున ఆంగ్ల ఇంజనీర్లు ఆశ్చర్యపడిరి. అందలి కీలకమిది. ఇసుకపై బండ వేసిన, నీరు బండచుట్టును ఇసుకను త్రవ్వగా బండ దిగిపోవును. దానిపై మఱియొకటి వేసిన అదియు దిగును. ఇట్లు వేయుచుపోగా, క్రింది రాయి ఇక దిగనంత లోతునకు చేరి నిలుచును. అప్పుడు దానిపై కట్టు నిలుచును. ఇసుకతో పోరాడక ఇసుకకు కావలసినంత రాయి నిచ్చి తృప్తిపఱచుట ఈ పద్ధతి. ఇసుకలో పునాది వేయు విద్యను ఈ దేశపు పాతపనివారివద్దనే నేర్చుకొంటిమని సర్ ఆర్థర్ కాటన్ బహిరంగముగ అంగీకరించెను. ఆ మహనీయుని యెడల ఆంధ్రులకు గల కృతజ్ఞతకు ఈ సత్యవాక్యము కూడ ఒక కారణము కాదగును.

ఆ విద్యయే గోదావరికి వచ్చినది. ధవళేశ్వరముకడ నది లంకలచే నాలుగు పాయలుగ చీలియుండుటయు, చెంతనే రాతికొండ యుండుటయు చూచి కాటన్ ఆ స్థలమును కోరెను. 1847లో పని ప్రారంభమై 1852లో ముగిసినది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములు కలిసి ఆనకట్ట పొడవు సుమారు 12,000 అడుగులు, అనగా రెండుంబావు మైళ్లు. కొండనుండి రాయి తెచ్చుటకు పట్టాలు పఱచి బండ్లు నడపిరి. ఇసుకలో బావులు దింపి పునాది చేసిరి. కట్టడపు దిగువన, పైనుండి దుముకు నీరు ఇసుకను త్రవ్వకుండ, వదులురాళ్ల పరుపును విశాలముగ పఱచిరి. ఈ పరుపే ఆనకట్టకు ప్రాణము. పెద్దవరద వచ్చినపుడెల్ల అందలి రాళ్లు కొన్ని దిగును, కొన్ని కొట్టుకొనిపోవును. నీరు తీసిన పిమ్మట మఱల రాయి చేర్పవలయును. ఇట్లు ఆనకట్ట నిలిచినంతకాలము రాయి చేర్చుచునే వచ్చిరి. 1982లో పూర్తియైన 175 తలుపుల నూతన బ్యారేజి దాని స్థానమున నిలుచువఱకు ఆ కట్టడము నూటముప్పది యేండ్లు డెల్టాకు అన్నము పెట్టినది.

ఆ చరిత్రలో కాటన్ పేరు కలదు. ఆయనకు కుడిభుజమై నిలిచిన రాయబహదూరు వీణెము వీరన్నగారి పేరు కలదు. వారిద్దఱును ఆ కీర్తికి తగినవారు. పదివేలమంది పనివారను మాట కూడ కలదు గాని, ఆ పదివేలకు పేర్లు లేవు. 1909లో అచ్చయిన థర్‌స్టన్ దొరగారి గ్రంథమున మాత్రము మన కులమువారిని ఒడ్డెలని పేర్కొని, వీరు రాయి కొట్టుదురు, బావులు త్రవ్వుదురు, చెఱువుగట్లు వేయుదురనియు, వీరిలో రాతిపనివారును మట్టిపనివారును వేఱుగ గలరనియు వ్రాసినాడు. ఏటిగట్టునకు ఈ ఇరువురును కావలసినవారే. మట్టి ఒడ్డె పోసిన గట్టునకు రాతి ఒడ్డె కవచము తొడుగును. ఒకరి పని చెడిన రెండవవారి పని నిలువదు. ఇట్టి పనివారిలో కొన్ని తెగలను ఆనాటి ప్రభుత్వము నేరస్థజాతుల చట్టముక్రింద చేర్చి, పోలీసు ఠాణాలో హాజరు పలికించినది. 1952లో ఆ చట్టము రద్దయినది. ఊరిని వరదనుండి కాచిన చేతులనే ఊరివారు శంకించిన ఆ దినములను మన బిడ్డలు పగతో గాక, తెలివితో జ్ఞాపకముంచుకొనవలయును.

రాతి కూర్పు

ఇక గట్టును కాచు రాతిని ఎట్లు కూర్పవలయునో చెప్పుదుము. మా పదునాలుగవ యేట మా ప్రాంతమున నది ఒడ్డును కోయుచుండగా, ఒక కంట్రాక్టరు రాతికట్టు పని పట్టెను. ఆయన పేరు ఇచట అనవసరము. మా తండ్రిగారు అందు దినకూలి మేస్త్రి. ఒడ్డు ఇసుకమన్ను. దానిపై నేరుగ పెద్దబండలు పేర్పించుచుండగా మా తండ్రిగారు చేతులు కట్టుకొని, "బాబుగారూ, రాయి పోదండి, రాయి కింద మన్ను పోతుంది" అనిరి. "రాయి పేర్చడం నీ పని, లెక్క చూడడం మా పని" అని ప్రత్యుత్తరము వచ్చెను. తండ్రిగారు మాటాడక పేర్చిరి. మఱుసటి వరద తీసిన తరువాత మమ్ము తీసికొనిపోయి చూపిరి. బండలన్నియు ఉన్నవి, కాని గట్టుపై లేవు, గట్టు అడుగున గుంటలో పడియున్నవి. వాని సందులగుండ అలల నీరు లోనికి పోయి, తిరిగి వచ్చునపుడు మన్నును కొంచెము కొంచెముగ లాగికొనివచ్చినది. రాయి పోలేదు; మన్ను పోయినది. ఆ సంవత్సరము మా గ్రామమువారి చేలు కొన్ని నదిలో కలిసినవి. తండ్రిగారు పలుమాఱులు ఆ కథ చెప్పి, "నేను గట్టిగా చెప్పవలసిందిరా" అని నొచ్చుకొనెడివారు.

ఆయన చెప్పదలచినదానిని నేటి శాస్త్రము వడకట్టు పొర యని చెప్పుచున్నది. మన్నుపై సన్నని కంకర, కంకరపై చిన్నరాయి, దానిపై పెద్దబండ యుండవలయును. క్రిందిపొర రేణువులు పైపొర సందులగుండ జాఱునంత సన్ననివై గాని, నీరు పోలేనంత దట్టమైనవై గాని ఉండకూడదు. నీరు పోవలయును, మన్ను నిలువవలయును. నేడు కంకరకు బదులు నారబట్టవంటి కృత్రిమవస్త్రమును కూడ పఱచుచున్నారు. సముద్రమున కట్టు అలగోడలయందు పైకవచపు రాయి పది టన్నులైన దాని క్రిందిపొర రాయి సుమారొక టన్ను, గర్భమున క్వారీలో పడిన చిన్నపెద్ద రాయి యంతయు ఉండవచ్చును.

రాయి యెంత బరువుండవలయును? దీనికి 1938లో స్పెయిన్ దేశపు ఇరిబారెన్ అను ఇంజనీరొక సూత్రము చెప్పెను. తరువాత అమెరికా ఇంజనీరు హడ్సన్ నీటితొట్లలో కృత్రిమపుటలలతో పరీక్షించి, 1950వ దశకమున దానిని సులభరూపమునకు తెచ్చెను. దాని సారమును మన లెక్కలోనే చెప్పవచ్చును. గాలిలో నూఱు మణుగులు తూగు కొండరాయి ఉప్పునీట మునిగిన అఱువదియొక్క మణుగులే తూగును; కావున బరువైన జాతిరాయి కావలయును. అల యెత్తు రెట్టించిన రాతిబరువు రెట్టింపు చాలదు, ఎనిమిది రెట్లు కావలయును. రెండడుగులు ముందునకు పోయిన ఒక్కయడుగు దిగు వాలుపై, గరుకైన కొండరాయికి, రెండు మీటర్ల అల విఱుగుచోట సుమారు ఒకటిమ్మూడవవంతు టన్ను రాయి చాలును. అచటనే నాలుగు మీటర్ల అల వచ్చిన పదిన్నర టన్నులకు మించవలయును. అట్టి బండలు క్వారీలో పుట్టుట కష్టము. అందుచేతనే 1950లో ఫ్రాన్సు దేశమున టెట్రాపాడను నాలుగుకాళ్ల కాంక్రీటు దిమ్మను కనిపెట్టిరి.

రాయి నునుపుగ నుండుట మేలా, గరుకుగ నుండుట మేలా? గుండురాయి దొర్లును, కోణములుగల కొండరాయి ఒకదానినొకటి పట్టుకొనును. సందులు లేకుండ సిమెంటుతో పూసిన గోడ అందముగ నుండును గాని, అల దానికి తగిలి వెనుదిరిగి అడుగును త్రవ్వును. వదులుకట్టులో అల సందులలోనికి చొచ్చి, చీలి, నురుగై బలము కోల్పోవును. అడుగు కొంత దిగిన గోడ పగులును. వదులుకట్టు తానును దిగి సర్దుకొనును. గట్టుపాదమున రాయిని పరుపుగ వేసియుంచిన, నది అడుగును కోసినకొలది ఆ రాయి జాఱి కోతపై తానే కవచమగును. ఈ జారుడు పరుపును, ధారను దిద్దు గట్లను గూర్చి సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ 1903లో గ్రంథము వ్రాసెను. మన పల్లెలలో రివిటుమెంటనియు గ్రోయిననియు పిలుచు పనులన్నియు ఈ సూత్రములపై నిలుచునవే. లొంగుట తెలిసిన కట్టు నిలుచును. అయితే లొంగిన కొలది దానికి మఱల రాయి నీయవలయును. ఏటేట చూచువారు లేని రాతికట్టు నూనె పోయని దీపమువంటిది.

కడలియొడ్డున

నదికి ఒక దిక్కు కలదు. కడలికి అట్లు కాదు. మన తూర్పుతీరమున నైరృతిగాలి వీచు నెలలలో అలలు ఇసుకను ఉత్తరమునకు నడపును; ఈశాన్యపుగాలి నెలలలో దక్షిణమునకు నడపును. సంవత్సరము మొత్తముమీద ఉత్తరపు నడకయే హెచ్చు. తీరమనగా ఇసుకనది యని తెలిసికొనవలయును. దానికి అడ్డముగ రాతిగోడ కట్టిన, దేవకూటము గోదావరిలో చేసిన పనియే ఆ గోడ కడలిలో చేయును. ఒకచోట ఇసుక నిలుచును. వేఱొకచోట ఇసుక పోవును.

మద్రాసున 1876లో ఓడరేవునకు అలగోడలు కట్ట ప్రారంభించిరి. 1881 నవంబరు తుపానులో అవి చాలభాగము చెడగా మఱల కట్టిరి. గోడకు దక్షిణమున ఇసుక మేటవేసి నేటి మెరీనా తీరము విశాలమైనది. ఉత్తరమున రాయపురము మొదలగు జాలరిపేటలు కోతకు గురియై, అచట మఱల రాతిగోడలు వేయవలసి వచ్చినది. షికారువారికి దక్కిన ఇసుక జాలరివాని వాకిటినుండి పోయినదే.

విశాఖపట్టణమున 1933లో రేవు తెఱచునాటికి ఈ పాఠము కొంత తెలిసియుండెను. రెండు పాత ఓడలను ముంచి అలగోడగ నిలిపి, రాయి చేర్చి, దాని చాటున ఇసుకను నిలువజేసి తోడు ఏర్పాటు చేసిరి. 1976లో వెలుపలి రేవు ఏర్పడినప్పుడు పెద్ద అలగోడలు లేచినవి; టెట్రాపాడులును వాడిరి. ఉత్తరపు తీరము తఱుగకుండ తోడిన ఇసుకను అటు పోయు పద్ధతి యేర్పడినది. దక్షిణమున నిలిపిన ఇసుకను ఉత్తరమునకు అప్పగించుట న్యాయమైన బాకీ తీర్చుట. ఆ బాకీ ఆగిన సంవత్సరము తీరమే అడిగి వసూలు చేసికొనును.

మన గోదావరీతీరపు కథ ఇంకను దయనీయము. కాకినాడ ముందు హోపు ద్వీపమను ఇసుకకట్ట నది తెచ్చిన ఇసుకతోనే పెరిగి, పట్టణమునకు సహజమైన అలగోడయైనది. దానికి ఉత్తరమున ఉప్పాడ కడలికెదురుగ నున్నది. జమదానీ చీరెలకు పేరుపొందిన ఆ యూరి యొడ్డు ఏండ్లతరబడి కోతకు లోనై, ఇండ్లను గుళ్లను బాటను పోగొట్టుకొన్నది. 2010 ప్రాంతమున ఇసుక నింపిన పెద్ద గొట్టపుసంచులతో అచట కట్ట వేసిరి. కొంతకాలము కాచినది, పిమ్మట తుపానుల అలలకు చినిగినది. కాకినాడ ఉప్పాడ బాటప్రక్క బండలు మఱల మఱల వేయుచునే యున్నారు.

ఈ కోతకు అలలే కారణము కావు. ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుల లెక్కలనుబట్టి, 1971 మొదలు 1979 వఱకు గోదావరి ఏటేట సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చుచుండగా, 1990 మొదలు 1998 నాటికి అది 6 కోట్ల టన్నులలోపునకు తగ్గినది. ఒండ్రు ఎగువ జలాశయములలో నిలిచిపోవుచున్నది. నది ఈయవలసినది తగ్గెను. కడలి తీసికొనునది తగ్గలేదు. డెల్టా యనగా ఈ ఇరువురి నడుమ లెక్క సరిపోయినంత కాలమే పెరుగు భూమి.

రాతికి గల హద్దును కూడ చెప్పవలయును. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమపై వచ్చిన ఉప్పెనవంటిదానిని ఒడ్డురాయి ఆపజాలదు. అచట ఎత్తైన గట్లు, తుపాను ఆశ్రయములు, ముందుగ హెచ్చరిక కావలయును. కోరంగివద్దనున్న మడ అడవులు అలల వేగమును తగ్గించుటలో రాతికి తోడు నిలుచును. అన్నిటికి రాయియే మందనువాడు రాతిపనివాడైనను తెలివిగలవాడు కాడు.

మన కర్తవ్యము

2015లో పట్టిసీమ ఎత్తిపోతల పథకము 24 పంపులతో గోదావరి నీటిని పోలవరము కుడికాలువద్వారా కృష్ణకు పంపుటకు మొదలిడినది. నేడు ఇచటి గట్టు కోసిన, రెండు డెల్టాలకు దిగులు. ఎగువనున్న పోలవరము నిర్మాణమున నీటిని స్పిల్‌వే వైపు నడుపుటకు కట్టిన గైడుబండు 2023 జూన్ నెలలో కుంగినది. 2022 జూలైలో మఱల భద్రాచలముకడ నీరు 71 అడుగులు దాటినది. కావున ఈ విద్య పాతబడినది కాదు. యంత్రములు వచ్చి సమ్మెట విలువ తగ్గినమాట నిజమే. బండను ఎత్తుట క్రేనుపని యైనది. కాని ఆ బండ యెచట, ఏ ముఖముతో, దేనిపై కూర్చుండవలయునో తెలియుట నేటికిని కంటిపనియే.

ఈ మహాసభకు మేము మూడు విన్నపములు చేయుచున్నాము.

మొదటిది యువకులకు. మన బిడ్డలలో సివిలింజనీరింగు చదువువారు కలరు. వారు తమ తాతలవద్ద ఒక్క వేసవి కూర్చుండి, రాతి జాతిని చప్పుడునుబట్టి ఎట్లు గుర్తింతురో, చీల యెచట దింపిన బండ తిన్నగ పగులునో, ఏ ఒడ్డునకు ఏ వాలు నప్పునో అడిగి వ్రాసికొనవలయును. కాటన్ దొర సిగ్గుపడక నేర్చికొన్న విద్యను మనుమలు సిగ్గుపడి విడిచిపెట్టుట తగదు.

రెండవది పెద్దలకు. ఊరూర మిగిలియున్న పాతమేస్త్రీల పేర్లను, వారు చేసిన పనులను సంఘము ఒక పుస్తకమున వ్రాయింపవలయును. ధవళేశ్వరపు పదివేలమంది పేర్లు మనకు దక్కవు. ఇప్పుడున్నవారి పేర్లైన దక్కించుకొందము.

మూడవది చెప్పుటకు కొంచెము సంకోచము కలదు. మన పోషకమహాశయులలో కంట్రాక్టుపనులు చేయువారు కలరు. వారి ఔదార్యముచేతనే ఈ సభయు ఈ సంచికయు జరుగుచున్నవి. కృతజ్ఞతతోనే మనవి చేయుచున్నాము. అల యెత్తు రెట్టించిన రాతిబరువు ఎనిమిది రెట్లు కావలయునని చెప్పితిమి. ఆ లెక్కనే తలక్రిందుగ చదివిన, రాతిబరువు సగమైన కట్టు ఓర్చుకొనగల అల యెత్తు అయిదవవంతు తఱుగును. చిత్తుపుస్తకమున చిన్నతేడా; గట్టుమీద ఊరు. కొలతపెట్టెలో తక్కువపడిన రాయిని, పఱవకనే పఱచినట్లు వ్రాసిన కంకరను ఏ అధికారి కన్నైన తప్పవచ్చును; గోదావరి కన్ను తప్పదు. మేస్త్రి చేతులు కట్టుకొని "బాబుగారూ" అన్నప్పుడు, అతడు మన కులమువాడైనను కాకున్నను, ఒక్క నిమిషము నిలిచి వినుడు. మా తండ్రిగారి మాట విన్నవాడుండిన, కొన్ని కుటుంబములకు చేలు మిగిలియుండెడివి.

దేవకూటముపై స్వామిని దర్శించునప్పుడు, ఈసారి మెట్లు దిగుచు ఒక్కమాఱు నీటివైపు చూడుడు. కొండ కదలకున్నను, దానిచుట్టు నీరును ఇసుకయు నిత్యము లెక్క చూచుకొనుచునే యున్నవి. ఆ లెక్క తెలిసినవారి వంశమున పుట్టితిమని ఒక్క క్షణము సంతోషించి, ఆ విద్యను నిలుపుకొను శక్తిని మనకు ప్రసాదింపుమని వీరేశ్వరస్వామిని వేడుకొందము. సభ జయప్రదమగుగాక యని కోరుచు ఇంతటితో విరమించుచున్నాము.